డెలివరీ కిట్ విప్పి చూస్తే: మంత్రసాని చేతికి పనికొచ్చేదెంత?

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా పెద్దాసుపత్రి చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో ‘డెలివరీ కిట్’ అని అడిగితే సీలు వేసిన కవరొకటి చేతిలో పెడతారు. ఒక కాన్పుకి వాడి పారేసే సరుకు. తయారయ్యేది ఆసుపత్రుల కోసమే. కానీ స్వచ్ఛంద సంస్థలూ యువజన సంఘాలూ కొండ ఊళ్ల మంత్రసానులకు పంచడానికి వీటిని డజన్ల లెక్కన కొనుక్కెళ్తుంటాయి. పంచినవాళ్లు ఫొటో దిగి వచ్చేస్తారు. అర్ధరాత్రి సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని దాన్ని విప్పేది మంత్రసాని. ఆమె చేతికి ఇది ఏ మేరకు అక్కరకొస్తుందో చూద్దామనే ఈ సమీక్ష. కంపెనీ ఏదైనా లోపలి సామాను ఇంచుమించు ఒక్కటే, అందుకే పేర్ల జోలికి పోవడం లేదు.

మా లెక్కలో అయిదుకి మూడు మార్కులు. బిడ్డకి ధనుర్వాతం రాకుండా చూసే పని ఈ ప్యాకెట్టు బాగానే చేస్తుంది. తల్లికి రక్తం పోతే మాత్రం ఇందులో ఏమీ లేదు. ఇక దీన్ని వాడే మనిషి ఎవరన్నది తయారుచేసినవాళ్లు ఆలోచించినట్టే లేదు.

కొనే ముందు ఒక సంగతి. ఇంట్లో కాన్పు పెట్టుకోవడానికి కావు ఈ కిట్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96.5 కాన్పులు ఆసుపత్రుల్లోనే అవుతున్నాయి, అవ్వాలి కూడా. మిగిలిన మూడున్నరలోనే ఎస్.కోట మండలం దారపర్తి పంచాయతీ కొండ మీది ఊళ్లున్నాయి, మందస, మెళియాపుట్టి, పాతపట్నం వైపు సవర గూడేలున్నాయి. 108 బండి రోడ్డు ఉన్నంతమేరకే వస్తుంది. అక్కడిదాకా డోలీయే. రెండో కాన్పో మూడో కాన్పో అయితే నొప్పులు ముదిరాక బిడ్డ ఎవరికోసమూ ఆగదు. ఆ దారి మధ్య కాన్పుకి, వాన కురిసి గెడ్డ పొంగిన రాత్రి కాన్పుకి పనికొచ్చేదీ కిట్టు. నెలలు నిండకముందే కొండ దిగి చుట్టాలింట్లోనో, గర్భిణుల వసతి గృహంలోనో ఉండడమే అన్నిటికన్నా మంచిది. కిట్టు ఇంట్లో ఉంది కదా అని దిగడం మానేస్తే దీనివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ.

ఇక విప్పుదాం. షాపుల్లో రెండు రకాలు దొరుకుతాయి. చవక రకంలో ప్లాస్టిక్ షీటు, చిన్న సబ్బు, ఒక జత గ్లవ్స్, బ్లేడు, దారం ముక్కలు, కాస్త దూది ఉంటాయి. ఖరీదు రకంలో వీటికి తోడు ఏప్రాను, టోపీ, మాస్కు, బొడ్డుకి పెట్టే ప్లాస్టిక్ క్లాంపు, రక్తం పీల్చే ప్యాడ్లు వస్తాయి. ఏప్రానూ టోపీల కోసం డబ్బు పెట్టక్కర్లేదు. క్లాంపు కోసం, ప్యాడ్ల కోసం పెట్టొచ్చు.

షీటు సుమారు మీటరు పొడవూ మీటరు వెడల్పూ ఉంటుంది. పల్చటి పాలిథిన్ అయితే పేడతో అలికిన నేల మీద జారుతుంది, మనిషి కదిలేసరికి ఓ మూలకి చుట్టుకుపోతుంది. కింద గోనెసంచో పాత దుప్పటో పరిచి దాని మీద షీటు, ఆ పైన ఉతికి ఎండలో ఆరేసిన నూలుచీర ముక్క వెయ్యాలి. షీటు రంగు కూడా చూసి కొనండి. నీలం, ముదురాకుపచ్చ షీట్ల మీద దీపపు వెలుతురులో రక్తం కనబడదు. తెల్లదో, అటూ ఇటూ కనబడేదో తీసుకోవాలి. ఎందుకంటే షీటు మురికి నుంచి కాపాడడమే కాదు, రక్తం ఎంత పోయిందో చెప్పే కొలపాత్ర కూడా అదే. బిడ్డ పుట్టాక షీటు కింది అంచు దగ్గర తువ్వాలు చుట్ట పెట్టి కాలవలా చేస్తే రక్తం పారిపోకుండా అక్కడే నిలుస్తుంది. అరలీటరు నీళ్ల సీసాకి సరిపడా కనబడిందంటే అది మామూలు మైల కాదు, ప్రమాదం. నీరసించి ఉన్న మనిషికి, రక్తం తక్కువున్న మనిషికి అంతకంటే ముందే ప్రమాదం. చీరలకీ గోనెలకీ ఇంకిపోయిన రక్తాన్ని ఎంతటి అనుభవజ్ఞురాలైనా సగానికి సగం తక్కువ అంచనా వేస్తుంది, డాక్టర్లూ వేస్తారు. కర్ణాటకలోని బెళగావిలో వైద్యులు దీనికోసమే కొలగీతలున్న సంచీ షీటు ఒకటి తయారుచేశారు. 2023లో నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగిన ‘ఇ-మోటివ్’ అధ్యయనంలో అలాంటి కొలగీతల షీటుతో రక్తస్రావాన్ని ముందే కనిపెట్టి వెంటనే చికిత్సంతా ఒక్కసారే మొదలుపెడితే తీవ్రమైన కేసులు 60 శాతం తగ్గాయి. ఇంత చిన్న మార్పు మన కిట్లలోకి రాకపోవడం వింతే. షీటు మీద రెండు గీతలు అచ్చు వెయ్యడానికి ఏపాటి ఖర్చు?

సబ్బు హోటల్ గదుల్లో ఇచ్చే సైజు. చాలదు అనిపిస్తుంది గానీ ఒక కాన్పుకి చాలు, కాకపోతే వాడే తీరు తెలియాలి. గాజులూ ఉంగరాలూ తీసి, గోళ్లు కత్తిరించుకుని, మోచేతుల దాకా రుద్దుకోవాలి. అదీ రెండుసార్లు: తల్లిని ముట్టుకోకముందు ఒకసారి, బొడ్డు కొయ్యకముందు ఇంకోసారి. ఎక్కువగా జారిపోయేది ఆ రెండోసారే. మొదట కడుక్కున్న చేతులతో లాంతరు సర్దుతారు, తల్లి నడుం పడతారు, తలుపు తీస్తారు, అవే చేతులతో బ్లేడు పట్టుకుంటారు. దక్షిణ నేపాల్‌లో ఇంటి కాన్పుల మీద 2008లో వచ్చిన అధ్యయనంలో పురుడు పోసేవాళ్లు చేతులు కడుక్కున్న చోట పసిబిడ్డల మరణాలు 19 శాతం, తల్లి కూడా బిడ్డను ఎత్తుకునే ముందు కడుక్కున్న చోట 41 శాతం తక్కువున్నాయి. కిట్టులోని వస్తువుల్లో రూపాయికి ఇంత ఫలితమిచ్చేది మరొకటి లేదు.

గ్లవ్స్ ఒక్క జతే ఉంటుంది, సైజు సాధారణంగా ఏడున్నర. మన ఆడవాళ్ల చేతులకి ఆరున్నర సరిపోతుంది. పెద్దవి వేలి చివర్లలో వేలాడి ముడి వెయ్యడానికి అడ్డొస్తాయి. ఆరున్నరవి రెండు జతలు విడిగా కొనుక్కోండి, అంతే.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం, బ్లేడూ దారమూ.

వెదురు బద్ద, కొడవలి, తుప్పు పట్టిన పాత బ్లేడు. వీటితో బొడ్డు కోసిన కాలంలో వారం తిరిగేసరికి బిడ్డ చన్ను పట్టలేక, ఒళ్లు విల్లులా వంగి పోయేది. మట్టిలో, పశువుల పేడలో ఉండే ధనుర్వాత క్రిమి పచ్చి బొడ్డులోంచి లోపలికి దిగితే జరిగేది అదే. తల్లికి టీకా, బొడ్డుకి శుభ్రమైన కోత, ఆసుపత్రి కాన్పులు, ఈ మూటి వల్లా 2003లో తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిన మొదటి రాష్ట్రంగా ఆంధ్రప్రదేశ్ దేశంలో నిలబడింది. దేశం మొత్తానికి ఆ గుర్తింపు 2015లో వచ్చింది. పాత బ్లేడు పారేసి కొత్తది పట్టుకున్న మంత్రసానుల వాటా అందులో తక్కువేం కాదు. ఆ వాటా సంగతి ఎవరూ ఎక్కడా చెప్పరన్నది వేరే విషయం.

చవక కిట్టులో వచ్చేది కాగితంలో చుట్టిన సగం షేవింగు బ్లేడు. మన సముద్రపు గాలికి ఆ కాగితం ఒక్క వానాకాలంలో చెమ్మ పట్టి, అంచున గోధుమ రంగు తుప్పు తేలుతుంది. అదొక లోపం. పట్టుకోవడానికి పిడి లేకపోవడం ఇంకోటి. బొడ్డు తాడు జిగటగా, రబ్బరు గొట్టంలా సాగుతూ జారిపోతూ ఉంటుంది. ఒకేసారి తెగదు. రెండు మూడుసార్లు రంపంలా లాగాల్సి వస్తుంది. ఆ లాగుడులో తెగేది ముందు గ్లవ్ వేలు, తరవాత మనిషి వేలు. రక్తం రక్తం కలిస్తే హెపటైటిస్-బి, హెచ్‌ఐవీ భయం ఇద్దరికీ ఉంటుంది. ఖరీదు రకంలో ఫాయిల్ ప్యాకింగులో సర్జికల్ బ్లేడు వస్తుంది. పదునూ శుభ్రతా బాగుంటాయి గానీ దానికీ పిడి ఉండదు. ఇక్కడ నేపాలు వాళ్లని మెచ్చుకోవాలి. 1994లో వాళ్లు తెచ్చిన ‘సుత్కేరీ సామగ్రి’ అనే చిన్న పెట్టెలో సబ్బు, షీటు, బ్లేడు, దారాలు, బొమ్మల కాగితంతో పాటు ప్లాస్టిక్ బిళ్ల ఒకటి పెట్టారు. అక్కడి ఆడవాళ్లకి నాణెం మీద పెట్టి బొడ్డు కొయ్యడం అలవాటు. ఆ అలవాటుని తిట్టకుండా మురికి నాణెం స్థానంలో శుభ్రమైన బిళ్లనిచ్చారు. కింద ఆనుకునేది ఉంటే బ్లేడు జారదు. వాడేవాళ్ల చేతుల్ని గమనించి సరుకు తయారుచెయ్యడమంటే ఇదీ. మన కిట్టులో అలాంటిదేమీ లేదు కాబట్టి కిట్టుతో పాటు మొన మొండిగా ఉన్న స్టెయిన్‌లెస్ కత్తెర ఒకటి సంచిలో ఉంచుకుని, వాడే ముందు ఇరవై నిమిషాలు నీళ్లు తెర్లేలా మరిగిస్తే బ్లేడు కన్నా చేతికి నయం. పొయ్యి వెలిగించే వ్యవధి లేనప్పుడే బ్లేడు.

దారం సంగతి ఇంకా నాసి. మూడు ముక్కలిస్తారు, అది సరే: రెండు ముళ్లకి రెండు, అదనంగా ఒకటి. కానీ జానెడు కూడా ఉండని ముక్కతో తడి గ్లవ్స్ వేసుకుని బిగించి ముడి వెయ్యడం ఎవరి తరమూ కాదు. పైగా కొన్నిట్లో బట్టలు కుట్టే దారంలాంటి సన్నటిది వస్తోంది. బిగిస్తే అది మెత్తటి తాడుని కోసుకుంటూ లోపలికి దిగి అక్కడే రక్తం చిమ్ముతుంది. కావాల్సింది చదునుగా ఉండే సన్నటి నూలు నాడా, మూర పొడవుకి తగ్గకుండా. బిడ్డ పొట్ట నుంచి రెండు వేళ్ల ఎడంలో మొదటి ముడి, అక్కణ్నుంచి ఇంకో రెండు వేళ్ల అవతల రెండోది, మధ్యలో కోత. ముడి మీద ముడి ఎదురెదురుగా పడాలి, లేకపోతే జారుతుంది. బొడ్డులోని జిగురు కొన్ని గంటల్లో ఎండి తాడు సన్నబడుతుంది కాబట్టి మొదట గట్టిగా ఉన్న ముడి తరవాత వదులౌతుంది. పావుగంటకోసారి చూస్తూ రెండు గంటల దాకా కనిపెట్టుకుని ఉండాలి. చెమ్మ కనబడితే మూడో దారం దానికే. క్లాంపున్న కిట్టయితే ఈ బెడద తప్పుతుంది. క్లాంపు ఒక్కటే ఇచ్చి ఉంటే దాన్ని బిడ్డ వైపు పెట్టి, మాయ వైపు దారం కట్టాలి.

కోత ఎప్పుడన్న దాని మీద కిట్టులోని సూచనల కాగితంలో ఒక్క ముక్క లేదు. బిడ్డ పడగానే గబుక్కున కొయ్యకూడదు. తాడులో నాడి కొట్టుకోవడం ఆగేదాకా, కనీసం ఒక నిమిషం, ఉంటే మూడు నిమిషాలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ రక్తం బిడ్డకి చేరితే తరవాత నెలల్లో రక్తహీనత తగ్గుతుంది. పాత మంత్రసానులు మాయ పడేదాకా బొడ్డు కొయ్యరు. పుట్టగానే కోసేసిన ఆసుపత్రులు ఆ విషయంలో తప్పు, వీళ్లు సగం ఒప్పు. సగమే ఎందుకంటే మాయ గంటైనా పడకపోతే బిడ్డ అలాగే నేల మీద చలికి వణుకుతూ ఉంటుంది.

కోశాక బొడ్డుకి ఏమీ రాయకూడదు. పసుపు, బూడిద, ఆముదం, పౌడరు ఏదీ వద్దు. గాలి తగిలితే తానే ఎండి రాలుతుంది. ఇంటి కాన్పులూ శిశుమరణాలూ ఎక్కువున్న చోట మొదటి వారం రోజూ క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందు బొడ్డుకి పూయొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో చెప్పింది. దొరికితే ఏఎన్‌ఎంని అడిగే వాడాలి, కంట్లో పడితే మాత్రం అదే చేటు.

బిడ్డ కోసం కిట్టులో ఒక్క గుడ్డ ముక్కైనా లేదు! ఇంతకన్నా పెద్ద మరుపు ఇంకేముంటుంది? రెండు మెత్తటి నూలుగుడ్డలు కావాలి. పుట్టగానే ఒకదానితో గట్టిగా తుడవాలి. ఆ తుడుపుకే చాలామంది పిల్లలు ఊపిరందుకుని ఏడుస్తారు. తడిసిన గుడ్డ అవతల పారేసి, బిడ్డని తల్లి ఛాతీ మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి, రెండో గుడ్డ తల మీదుగా కప్పాలి. తడి గుడ్డతోనే చుట్టేస్తే పుష్య మాసంలో కొండ మీద బిడ్డ ఒళ్లు ఎంతలో చల్లబడుతుందో చెప్పక్కర్లేదు. స్నానం ఇరవైనాలుగు గంటల తరవాతే. పుట్టగానే వేడినీళ్లు పోసి, ముక్కు నొక్కి, నూనె రాసే అలవాటు ఇంకా పోలేదు. కొన్ని కిట్లలో గొంతులో నెమ్ము లాగే గొట్టం ఒకటి పెడుతున్నారు. బాగా ఏడుస్తున్న బిడ్డకి అది అవసరం లేదు, రాని చేతుల్లో గొంతు గీరుకుపోతుంది. దాని బదులు రెండు తువ్వాళ్లు పెట్టినా బాగుండేది.

తల్లి ప్రాణం విషయానికొస్తే కిట్టు చేతులెత్తేసింది. కాన్పులో తల్లిని ఎక్కువగా తీసుకుపోయేది రక్తస్రావమే. బెళగావి ప్రాంతపు పల్లెల్లో ఏఎన్‌ఎంలు బిడ్డ పుట్టగానే మిసోప్రోస్టాల్ 600 మైక్రోగ్రాములు, అంటే 200వి మూడు మాత్రలు మింగించినప్పుడు అధిక రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి దిగిందని 2006లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. సూది అక్కర్లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు. కొండ ఊరికి ఇంతకన్నా అచ్చొచ్చిన మందు లేదు. అయితే ఈ మాత్రలు షాపులో అడిగి కొనేవి కావు, కిట్టులో వేసి అమ్మేవీ కావు. దారి ఒక్కటే: నెలలు నిండిన గర్భిణికి ఆ ఊరి ఏఎన్‌ఎం, ఆశా ద్వారా ముందుగా అందడం. వాడేటప్పుడు నియమం ఒకటుంది, దాటితే ప్రాణాంతకం: కడుపులో రెండో బిడ్డ లేదని పొట్ట తడిమి రూఢి చేసుకున్నాకే వెయ్యాలి. బిడ్డ పుట్టకముందు నొప్పులు పెరగడానికని వేస్తే గర్భసంచి చిట్లిపోతుంది. ఊళ్లో సూదిమందు వేసేవాళ్లని పిలిచి నొప్పుల ఇంజెక్షన్ చేయించడం కూడా సరిగ్గా అలాంటి ప్రమాదమే. మాత్రల తరవాత చలి, జ్వరం వస్తాయి, కాసేపటికి తగ్గిపోతాయి.

మాత్ర లేని చోట చేతిలో ఉన్నవి: తల్లిని మూత్రానికి పంపడం, బిడ్డని చన్నుకి పట్టించడం, మాయ పడ్డాక బొడ్డు కింద గర్భసంచి గట్టి బంతిలా బిగిసేదాకా అరచేత్తో మర్దన చెయ్యడం. బొడ్డు తాడు పట్టి లాగడం, లోపల చెయ్యి పెట్టి మాయ తియ్యబోవడం, కడుపు మీద మోకాలితో అదమడం, ఈ మూడూ తల్లిని చంపే పనులు. “బిడ్డొచ్చీసినాది, మాయ పడనేదు” అనే మాట అరగంట దాటితే డోలీ కట్టాల్సిందే, రక్తం పోకపోయినా సరే. పడిన మాయని పూడ్చెయ్యకుండా ఒక కవర్లో వేసి తల్లితో పాటే పంపాలి. ఒక ముక్క లోపల ఉండిపోయిందో లేదో ఆసుపత్రిలో చూసి చెబుతారు.

కిట్టులో మడిచి పెట్టిన సూచనల కాగితం హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. తెలుగు లేదు, సవర మాట సంగతి ఇక అడగొద్దు. బొమ్మలున్నాయి కదా అంటే, బొమ్మలో తల్లి వెల్లకిలా మంచం మీద పడుకుని ఉంటుంది. కొండ మీద ఆడవాళ్లు గొంతుక్కూర్చుని, దూలానికి కట్టిన తాడు పట్టుకునో, వెనకున్న మనిషి మీద ఆనుకునో కంటారు. తల్లికి ఏ భంగిమ అనువో అదే ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాలు కూడా చెబుతుంటే ఈ కాగితం మాత్రం వెల్లకిలా దగ్గరే ఉండిపోయింది. బ్లేడుని ఏం చెయ్యాలో కూడా చెప్పదు. ఖాళీ నీళ్ల సీసాలో వేసి మూత బిగించి ఏఎన్‌ఎంకి ఇవ్వాలి.

ఇన్ని చెప్పాక మూడు మార్కులే ఎందుకిచ్చామో అర్థమై ఉంటుంది. తగ్గిన రెంటిలో ఒకటి పైన చెప్పిన లోపాలకి. రెండోది కిట్టు వెనకున్న ఆలోచనకి.

1977లో గ్రామీణ ఆరోగ్య పథకంతో మొదలైన దాయి (హిందీలో మంత్రసాని) శిక్షణలో మంత్రసానికి 30 పనిదినాల తరిఫీదు, 300 రూపాయల స్టైపెండు, కిట్టు, సర్టిఫికెట్టు ఇచ్చేవారు. వారంలో రెండు రోజులు పీహెచ్‌సీలోనో సబ్‌సెంటర్లోనో పాఠం, నాలుగు రోజులు ఏఎన్‌ఎం వెంట ఊళ్లు తిరగడం, కనీసం రెండు కాన్పులు ఆమె కళ్లముందు చెయ్యడం. ఊరికొకరు, అంటే వెయ్యి జనాభాకి ఒకరు లక్ష్యం. చేసిన కాన్పు నమోదు చేయిస్తే పది రూపాయలు. ఇవాళ పంచుతున్న కిట్టు వెంట ఆ ముప్పై రోజులూ లేవు, ఏఎన్‌ఎంతో కలిసి తిరగడమూ లేదు. సామాను ఇచ్చి సావాసం తీసేశారు. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘నైపుణ్యం గల ప్రసూతి సహాయకులు’ ఎవరో నిర్వచించినప్పుడు శిక్షణ పొందిన మంత్రసానిని కూడా అందులోంచి తప్పించింది. 2005లో జననీ సురక్ష, ఆశా వచ్చాక ఊరికీ ఆసుపత్రికీ మధ్య వంతెన ఆశా అయింది. 2018లో కేంద్రం తెచ్చిన మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాల్లోని మిడ్‌వైఫ్ నర్సింగు చదివి మరో పద్దెనిమిది నెలల తరిఫీదు తీసుకున్న మనిషి. మంచి పథకమే, కావాల్సినదే. కానీ అక్షరం రాని సవర మంత్రసానికి అందులో గుమ్మం లేదు. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సంప్రదాయ వైద్యులకిచ్చే స్వచ్ఛంద ధ్రువీకరణలో దాయిలకీ ఒక విభాగం ఉంది. ఆ కాగితం చూసి లేబర్ రూమ్ తలుపు తెరిచే ఆసుపత్రి ఉంటే తప్ప దాని విలువ గోడకి తగిలించుకోవడం వరకే.

ఇంతకీ మంత్రసానులు అడుగుతున్నది జీతాలూ హోదాలూ కాదు. డోలీ వెంట అయిదారు గంటలు నడిచొచ్చిన మనిషిని గేటు దగ్గర ఆపకుండా, ఎప్పుడు నొప్పులొచ్చాయి, ఉమ్మనీరు ఎప్పుడు పోయింది, ఏ రంగులో పోయింది, మాయ ఎప్పుడు పడింది అని ఒక్కసారి అడగమంటున్నారు. ఆ నాలుగు సంగతులూ ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియవు. డ్యూటీ డాక్టరుకి కావాల్సిన మొదటి ప్రశ్నలూ అవే. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణీ బంగ్‌ల ‘సెర్చ్’ సంస్థ పల్లె ఆరోగ్య కార్యకర్తనీ దాయినీ కాన్పు దగ్గర పక్కపక్కన కూర్చోబెట్టింది. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్‌లో రాశారు. ఆ నమూనాని దేశమంతా తీసుకున్నప్పుడు ఇంటింటి సందర్శనలు ఆశాకి వచ్చాయి, దాయి పీట మాత్రం ఖాళీ అయింది.

చట్టం మాటకొస్తే ఆమె ఉనికిని ఎప్పుడో ఒప్పుకుంది. 1969 జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం పదో సెక్షను ప్రకారం పుట్టుక దగ్గరున్న మంత్రసాని ఆ సంగతి రిజిస్ట్రారుకి తెలియజెయ్యాలి. జనన నివేదిక ఫారంలో ‘కాన్పు సమయంలో సహాయం’ అనే గడిలో సంప్రదాయ మంత్రసాని అని విడిగా ఒక ఎంపిక ఉంది. పంచాయతీ కార్యదర్శి దగ్గర 21 రోజుల్లో రాయించేటప్పుడు ఆ గడిలో ‘బంధువులు, ఇతరులు’ అని పడకుండా చూసుకోవడం ఎవరి చేతిలోనైనా ఉన్న పని. లెక్కల్లో ఆమె కనబడేది అక్కడే మరి.

కిట్టులో చవగ్గా చేర్చదగ్గది ఇదే: పోస్టుకార్డంత అట్టముక్క. మంత్రసాని పేరు, ఊరు. గడియారం బొమ్మ పక్కన నాలుగు ఖాళీలు: నొప్పులు, ఉమ్మనీరు, బిడ్డ, మాయ. రక్తం అరసీసా, సీసా అని రెండు బొమ్మలు, టిక్ పెట్టడానికి. వేసిన మాత్రలు ఎన్ని. బిడ్డకి అందాల్సిన విటమిన్-కె సూది, బీసీజీ, పోలియో చుక్కలు, ఇరవైనాలుగు గంటల లోపు పడాల్సిన హెపటైటిస్-బి టీకా. ఇంటి కాన్పు బిడ్డలకి తప్పిపోయేవి ఇవే. అక్షరం రానివాళ్లకి ఆశా రాసిపెట్టొచ్చు, లేదా ఇంట్లో బడికెళ్లే గుంట ఎవరైనా రాస్తారు. కంపెనీలు ఎలాగూ పెట్టవు కాబట్టి పంచే సంస్థలే తెలుగులో అచ్చు వేయించి కవరు మీద అంటించొచ్చు. కిట్టు ఖరీదులో అదో లెక్క కాదు.

కొనేవాళ్లకి: కవరు మీద గడువు తేదీ, స్టెరైల్ గుర్తు చూడండి. కవర్లో గాలి చొరబడినట్టున్నా, మూలలు నలిగి విడిపోయినా తీసుకోవద్దు. డజను కొంటే ఒకటి షాపులోనే విప్పించి బ్లేడూ దారమూ చూడండి, ఆ ఒక్కటీ నష్టపోయినా ఫర్లేదు. అదనంగా ఒక్కో కిట్టుకీ ఆరున్నర సైజు గ్లవ్స్ రెండు జతలు, మూరెడు నాడా ముక్కలు మూడు, ఉతికి ఎండబెట్టి కవర్లో పెట్టిన నూలుగుడ్డలు రెండు, తల్లికి ప్యాడ్లు, చిన్న టార్చి చేర్చండి. పొయ్యి మీది అటక మీద పెట్టొద్దని చెప్పండి. పొగకి కవరు పెళుసెక్కుతుంది, ఎలకలు సబ్బు వాసనకి కొరుకుతాయి. మూత ఉన్న స్టీలు డబ్బా మేలు. ఇచ్చేటప్పుడు ఆ ఊరి ఏఎన్‌ఎం, ఆశా పక్కనుండగా ఇవ్వండి, ఎవరికి ఎన్ని ఇచ్చారో సబ్‌సెంటరు రిజిస్టర్లో రాయించండి. వాడిన కిట్టుకి బదులు కొత్తది కావాలంటే ఎవరిని అడగాలో కూడా అప్పుడే చెప్పి రావాలి, లేకపోతే రెండో కాన్పుకి మళ్లీ పాత బ్లేడే.